ఆయన ఎంచుకున్న ఏడుపు

నా మొగుడు అశ్వత్థనారాయణ తన చావుకు పాట తానే ఎంచుకున్నాడు. నిండా ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో, కాలు మీద కాలు వేసుకుని, కాఫీ తాగుతూ ఎంచుకున్నాడు. ఆ పాట నా గొంతుతో మొదలుకావాలి. నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. అడిగే అలవాటు ఆయనకు పెళ్లినాటి నుంచీ లేదు.

దీనికంతటికీ మూలం నూనె అంగడి నాగేశ్వరయ్య చావు. అది డెబ్బై ఏడో సంవత్సరం. మా ఇళ్లలో మాట తెలుగు, ఏడుపు అరవం. మా పెద్దలు పుదుచ్చేరికి ఎప్పుడు వచ్చారో ఎవరికీ గుర్తులేదు కానీ, వచ్చినవాళ్లు ఇక్కడి చావు పద్ధతులను మాత్రం గట్టిగా పట్టుకున్నారు. ఇంట్లో శవం ఉన్నంతసేపూ ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, పోయినవాడి గొప్పలు చెప్పుకుంటూ ఏడుస్తూ పాడాలి. దాన్ని ఒప్పారి అంటారు. మా తరంలో చాలామందికి పాడటం రాదు కనుక పాడేవాళ్లను పిలిపించడం మొదలైంది. నాగేశ్వరయ్య కొడుకులు ఎవరో ఊరూ పేరూ తెలియని గుంపును పిలిపించారు. వాళ్లు తమకు వచ్చిందే పాడారు. జన్మలో సెంటు పొలం లేని మనిషిని పట్టుకుని, నీ మూడు పంటల భూమిని ఎవరు చూస్తారు రాజా, నీ ఎడ్లు కన్నీరు కారుస్తున్నాయి రాజా అని గుండెలు బాదుకున్నారు. బజారువాళ్లంతా తువ్వాళ్లు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నేనూ కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మా ఆయన నవ్వలేదు. ఇంటికి వచ్చి తలకు పోసుకుని కంచం ముందు కూర్చున్నాడు.

"నా చావు ఇట్ల నవ్వులపాలు కాకూడదు. ఏం పాడాల్నో నేనే చెప్పి పోతా," అన్నాడు. తర్వాత పెరుగు వేయించుకుని మామూలుగానే తిన్నాడు.

అన్నట్టే మురుంగపాక్కం నుంచి పట్టమ్మాళ్‌ను పిలిపించాడు. ఒప్పారికి చుట్టుపక్కల ఆమెను మించినవాళ్లు లేరని పేరు. అంగడి సెలవునాడు పొద్దున, కొడుకులిద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టుకుని, ముందు హాల్లో పాడించుకున్నాడు. చావు లేని ఇంట్లో ఒప్పారి ఏమిటని ఎదురింటి కమలమ్మాళ్ కిటికీ తలుపులు వేసుకుంది. ఆమెను నేను తప్పుపట్టను. వేసుకోవడానికి వంటింట్లో నాకు కిటికీ లేదు.

పట్టమ్మాళ్ గొంతు సవరించుకుని, ఏనుగు మీద అంబారీలో ఊరేగిన రాజా అని ఎత్తుకుంది.

"ఏనుగు వద్దు. అంబాసిడర్ కారు అను," అన్నాడు.

"అంబాసిడర్ అంటే పాటలో పడదు మొదలాళీ." బజారులో యజమానులందరూ మొదలాళులే.

"పడేట్టు చెయ్. దానికే గదా నిన్ను పిలిపించింది."

మాది ఇనుప సామాన్ల అంగడి. మేకులు, బందులు, తాళాలు, గొళ్లాలు. ఆ సంగతి తెలుసుకుని పట్టమ్మాళ్ అప్పటికప్పుడు కట్టింది. ఊళ్లో ఏ తలుపు తెరిచినా నీ బందులే నీ కోసం కిర్రుమంటున్నాయి రాజా అంది. నాకే బాగుందనిపించింది.

"కిర్రుమనవు. నా సరుకు కిర్రుమనదు. మార్చు," అన్నాడు ఆయన.

ఆ తర్వాత పెళ్లాం వంతు వచ్చింది. నా పాదం నేల తాకనియ్యలేదే, నా కంట నీరు ఒక్కనాడూ చూడలేదే అని నా పేరు మీద పాడింది. ఆయన కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. చేతిలో ఉన్న చట్టిని నేలకేసి కొట్టాలనిపించింది. ఆయన నా కంట నీరు చూడలేదన్న మాట మాత్రం నిజమే. చూస్తే గదా.

"మొదటి గొంతు అమ్మదే," అని పట్టమ్మాళ్ వంటింటి వైపు తిరిగి చెప్పింది. "ఇంటి ఆమె ఎత్తుకుంటేనే మేం అందుకుంటాం. కూలికొచ్చిన నోరు ముందు లేచిందంటే ఆ ఇంటికి మంచిది కాదు. ఇంక పిల్లల పేర్లు చెప్పండి మొదలాళీ. ఒక్కొక్కరి పేరు పెట్టి, నీ నాయన పోయినాడే అని పాడాల."

"ఇద్దరు. వెంకటాద్రి, చెంగల్రాయన్."

నేను కాఫీ లోటాలు పట్టుకుని అప్పుడే హాల్లోకి వచ్చాను. "ముగ్గురు. నడిమిది తిలకవతి," అన్నాను.

"ఇద్దరు," అన్నాడు ఆయన, నా వైపు చూడకుండా.

పట్టమ్మాళ్ మా ఇద్దరి మొహాలూ చూసి కాఫీ అందుకుంది. ఆయన కొడుకుల వైపు తిరిగాడు.

"డప్పుకు ఏంబలం నుంచి దేవరాజన్ రావాల. వాడొక్కడే. ఇంకెవురు కొట్టినా నా పాడె లేవకూడదు."

వెంకటాద్రి సరేనని తలూపాడు. చెంగల్రాయన్ నేల చూపులు చూశాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. దేవరాజన్ ఎవరో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నా కూతురి మామగారు.

తిలకం సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేరిన రెండో ఏడు, అదే ఆఫీసులో గుమస్తా కుప్పుస్వామిని రిజిస్టరు పెళ్లి చేసుకుంది. పిల్లవాడు నెమ్మదస్తుడు, చదువుకున్నవాడు. తండ్రి దేవరాజన్ మాత్రం ఏంబలంలో, ఊరి బయటి వీధిలో పుట్టి, పెద్దకులాల చావులకు డప్పు కొట్టి కొడుకును చదివించాడు. కొడుక్కు ఉద్యోగం వచ్చిన వారంలోనే, ఇంక ఏ చావుకూ రానని ఊరి పెద్దలకు చెప్పేసి, కాస్త పొలం గుత్తకు తీసుకుని వేరుశనగ వేసుకున్నాడు. ఆ మాట చెప్పినందుకు ఊళ్లో ఏం పడ్డాడో ఆయనకే తెలియాలి. ఇవన్నీ మా ఆయన మనుషులను పెట్టి ఆరా తీశాడు. దండలతో గడప దగ్గరికి వచ్చిన పిల్లల మొహాన తలుపు వేసి గొళ్లెం పెట్టాడు. ఆ తర్వాత ఆ పేరు ఇంట్లో వినపడలేదు. నేను పలికితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

ఇప్పుడేమో, మానేసిన ఆ మనిషి మెడలో మళ్లీ డప్పు వేయించి, తన శవం ముందు కొట్టించుకుంటాడట. ఊరంతా చూస్తుండగా నా కూతురి మామ వీధిలో కొడుతూ నడవాలి. లోపల పాటలో నా కూతురు పేరు ఉండకూడదు. చచ్చాక కూడా కాలితో తన్నడానికి ఒక మనిషి ఇంత శ్రద్ధగా ఏర్పాట్లు చేసుకోవడం నేనెక్కడా చూడలేదు.

పట్టమ్మాళ్ వెళ్లిపోయాక ఆయన ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"దేవరాజన్‌ను పిలిచేది లేదు. పాటలో తిలకం పేరు ఉండాల. లేదంటే నేను నోరు తెరవను," అన్నాను.

ఆయన నవ్వాడు. "నేను పోయినాక ఏడవకుండా ఉంటావా? ఏ ఆడది ఉంటుందే?"

"మీరే చూస్తురు గానీ."

"నేను యాడ చూసేది," అని మళ్లీ నవ్వి, చెప్పులు వేసుకుని అంగడికి పోయాడు. ఒళ్లు మండిపోయింది. నా బెదిరింపులోనూ ఆయనకు తమాషా దొరికింది.

అప్పటి నుంచి అది మా ఇంట్లో ఏటేటా జరిగే తంతు అయింది. పట్టమ్మాళ్ రావడం, పాత పాట పాడటం, ఆ ఏడు ఆయన కొత్తగా సాధించినవేవో అందులో చేర్చడం. అంగడి పై అంతస్తు కట్టించిన ఏడు అది చేరింది. బజారు వర్తకుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు, అదీ చేరింది. మనవళ్లు పుట్టినకొద్దీ వాళ్ల పేర్లు చేరాయి. తిలకానికి పుట్టిన ఆడపిల్ల చేరలేదు. ప్రతిసారీ నేను హాల్లోకి వచ్చి "ముగ్గురు" అనడం, ఆయన "ఇద్దరు" అనడం. చివరికి పట్టమ్మాళ్ ఆ పేర్ల దగ్గరికి రాగానే నా కోసం ఆగడం నేర్చుకుంది.

గుడికని చెప్పి నెల్లితోపు బస్సు ఎక్కి తిలకం ఇంటికి పోయి వస్తుండేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక అంతా చెప్పేశాను. అది చెట్ల కింద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"మామను పిలిపిస్తాడంటనా," అంది. "పిలవనీ. చూద్దాం."

"నేను ఒప్పుకోను గదా. నీ పేరు కూడా పాటలో పెట్టిస్తా. నువ్వు బెంగపెట్టుకోవద్దు."

అది కాయలు గిన్నెలో వేసుకుని లేచింది. పేరు మాట విని కడుపు నిండి మాట రాలేదనుకున్నాను. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ నాకు నేనే పెద్ద యుద్ధం చేస్తున్నదాన్నని మురిసిపోయాను.

ఎనభై నాలుగులో, వానలు మొదలైన రోజుల్లో, ఆయన పొద్దున్నే పళ్లు తోముకుంటూ బావి దగ్గర కూలిపోయాడు. డాక్టరు వచ్చేసరికే అయిపోయింది. మూతికి పళ్లపొడి అట్లాగే ఉంది. కొంగుతో తుడిచాను.

వెంకటాద్రి తండ్రి చెప్పినవన్నీ చెప్పినట్టే చేయడానికి నడుం కట్టాడు. మురుంగపాక్కానికి కారు పంపించాడు. ఏంబలానికి అంగడి మనిషిని బస్సెక్కించాడు. వీధిలో పందిరి వేశారు. బజారువాళ్లంతా వచ్చి బెంచీల మీద కూర్చున్నారు. మలుపులో ఎర్రటోపీ పోలీసు బండ్లను పక్క వీధిలోకి మళ్లిస్తున్నాడు. ఆయన కోరుకున్నంత గొప్పగానే జరుగుతోంది.

హాల్లో శవం చుట్టూ పట్టమ్మాళ్, ఆమె మనుషులు కూర్చుని నా కోసం చోటు వదిలారు. కూర్చున్నాను. ఇరుపక్కల నుంచీ చేతులు నా భుజాల మీద పడ్డాయి.

"ఎత్తుకోమ్మా," అంది పట్టమ్మాళ్.

నేను వెంకటాద్రిని పిలిచాను. "ఏంబలం పోయినోడిని వెనక్కి రమ్మను. తిలకానికి కబురు పంపించు. అప్పుడు ఎత్తుకుంటా."

వాడు నా పక్కన గొంతుకూర్చున్నాడు. "ఇదేనా అమ్మా సమయం? నాయన మాట గదా."

"మీ నాయన మాట ఇన్నేళ్లూ విన్నా. ఈ పొద్దు నా మాట ఒకటి మీరు వినండి."

"బయట అందురూ ఏమనుకుంటారు?"

"మొగుడు పోయినా నోరు తెరవలేదనుకుంటారు. అనుకోనీ."

"నేను పోయి అక్కను పిలుచుకొస్తా," అన్నాడు చెంగల్రాయన్ గుమ్మం దగ్గర నుంచి. పెద్దవాడు లేచి వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. పట్టమ్మాళ్ పక్కనున్న ఆమె ఆవులించి కాఫీ ఉందా అని అడిగింది. బయట బెంచీల మీద గుసగుసలు మొదలయ్యాయి. చావింట్లో ఏడుపు వినపడకపోతే జనం ఎంత ఇబ్బంది పడతారో ఆ రోజే చూశాను. వాళ్లను అట్లా ఇబ్బంది పెట్టడం నాకు బాగానే ఉంది.

అంతలో ఆ గుసగుసలు ఆగిపోయాయి. తిలకం పందిరి కింద నుంచి నేరుగా లోపలికి వచ్చింది. వెనకాల కుప్పుస్వామి. తిలకం చేతిలో దేవరాజన్ చెయ్యి ఉంది. అంగడి మనిషి వెళ్లి చెప్పగానే ఆ ముసలాయన భయపడి నెల్లితోపుకు, కొడుకు ఇంటికి వచ్చాడట. అక్కడి నుంచి ఇది తీసుకొచ్చింది. మెడ దాకా గుండీలు పెట్టుకున్న తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు. డప్పు లేదు. రెండో చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు పట్టుకున్నాడు.

"నాయన మా మామను పిలిపించినాడంట," అంది తిలకం అందరికీ వినపడేలా. "పిలుచుకొని వచ్చినా. యాడ కూర్చోబెట్టేది?"

నూనె అంగడి నాగేశ్వరయ్య కొడుకు గుమ్మంలోకి వచ్చాడు. "వాళ్లు నిలబడేది బయట గదమ్మా," అన్నాడు, బుద్ధి చెబుతున్నట్టు.

"బయట నిలబెట్టేదానికి నేను పిలుచుకొని రాలేదన్నా."

నేను భుజాల మీది చేతులు విడిపించుకుని లేచాను. మూలనున్న ఆయన చెక్క కుర్చీని ఈడ్చుకొచ్చి దేవరాజన్ ముందు పెట్టాను. ఆ కుర్చీలో ఆయన తప్ప ఎవరూ, కొడుకులు కూడా, ఎప్పుడూ కూర్చోలేదు.

దేవరాజన్ కూర్చోలేదు. "వద్దమ్మా. నా కొడుకు ఈ ఊళ్లోనే ఉద్యోగం చెయ్యాల," అని అరవంలో మెల్లగా అన్నాడు. తిలకం చేతిలోంచి తన చెయ్యి లాక్కున్నాడు. "చూసినావు గదా తల్లీ, పోదాం రా. వీళ్లందరి ముందర నన్నెందుకు తెచ్చి నిలబెట్టినావు?" ఆ గొంతులో కోపం ఉంది. అది మా మీదే కాదు, తిలకం మీద కూడా.

తిలకం మొహం ఎర్రబడింది. అది మళ్లీ నోరు తెరిచేలోపు నేను పట్టమ్మాళ్ వైపు తిరిగాను. "పిల్లలు ముగ్గురు. వెంకటాద్రి, తిలకవతి, చెంగల్రాయన్. అట్లనే పాడు."

పట్టమ్మాళ్ వెంకటాద్రిని చూసింది. బజారంతా గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎట్లాగోలా అయిపోతే చాలనుకున్నాడేమో, వాడు తలూపాడు. ఇన్నేళ్ల నుంచి పట్టుబట్టింది చేతికి వచ్చింది. నేను వెళ్లి నా చోట్లో కూర్చుని ఎత్తుకోవడానికి ఊపిరి తీసుకున్నాను.

"వద్దు," అంది తిలకం.

"ఏంది వద్దు?"

"నా పేరు. ఆ పాటలో నా పేరు వద్దమ్మా. నేను ఆయన కోసం ఏడ్చేదానికి రాలేదు. మా మామను ఎందుకు పిలిచినావని మొహాన అడిగేదానికి వచ్చినా. అడిగేదానికి మనిషి లేడు. ఇంక నాకు ఈడ ఏం పని?"

"నీ కోసమే గదే ఇన్నేళ్లు నేను..."

"నేను అడిగినానా?"

గట్టిగా కూడా అనలేదు. అచ్చం తండ్రి "ఇద్దరు" అన్నట్టే అంది. లేచి దాని చెంప పగలగొట్టాలనిపించింది. దాని కోసం ఆయనతో పడిన గొడవలన్నీ, అబద్ధాలాడి ఎక్కిన బస్సులన్నీ గుర్తుకొచ్చాయి. కానీ అది చెప్పింది నిజం. నేను దాన్ని ఒక్కనాడూ అడగలేదు. పేరు లేకపోవడం దానికి అవమానమని నేనే అనుకున్నాను, పేరు ఉండటమే దానికి అవమానం. మా ఇద్దరిలో ఎవరూ దాన్ని ఏం కావాలని అడగలేదు, ఆయనా, నేనూ.

తిలకం ఒకసారి తండ్రి మొహం చూసింది. దండం పెట్టలేదు. నా దగ్గరికి వచ్చి తల మీద చెయ్యి ఉంచి, "రేపు వస్తా," అంది. ముగ్గురూ పందిరి కింద నుంచి వెళ్లిపోయారు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. దేవరాజన్ ముందు నడిచాడు, ఈసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా.

"పోయినారు గదా," అన్నాడు వెంకటాద్రి. హమ్మయ్య అన్నట్టుంది వాడి గొంతు. "ఇంకనైనా ఎత్తుకో అమ్మా."

పట్టమ్మాళ్ చెయ్యి మళ్లీ నా భుజం మీద పడింది. దేవరాజన్ డప్పు లేకుండా వెళ్లిపోయాడు. పేరు ఎవరికీ అక్కరలేదు. నేను అడిగినవేవీ ఇక మిగల్లేదు. నోరు మూసుకుని కూర్చోవడానికి నాకు కారణమే లేదు.

అబద్ధం చెప్పను. ఏడుపు వచ్చింది. అందరినీ చూసి వచ్చిందో, ఆయన్ను చూసి వచ్చిందో, కడుపులో నుంచి లేచి గొంతు దాకా వచ్చింది. ఇష్టమో కష్టమో, అన్నేళ్లు ఆ మనిషికి అన్నం పెట్టాను. గుక్కపట్టి ఏడవబోతూ చుట్టూ చూశాను. పట్టమ్మాళ్, ఆమె మనుషులు నా నోటి వైపే చూస్తున్నారు. ఊపిరి బిగబట్టి సిద్ధంగా ఉన్నారు. నా నోట్లోంచి ఒక్క శబ్దం వస్తే చాలు, అందుకుంటారు. నా పాదం నేల తాకనియ్యలేదే అంటారు. నా కంట నీరు ఒక్కనాడూ చూడలేదే అంటారు. నా నిజమైన ఏడుపుకు ఆయన కట్టించుకున్న అబద్ధాన్ని అతికించి, బజారంతా వినేలా నా పేరు మీద పాడతారు.

మింగేశాను. రెండు చేతులతో నోరు అదుముకుని మింగేశాను.

వెంకటాద్రి కాళ్లావేళ్లా పడ్డాడు. కోడళ్లు బతిమాలారు. చివరికి సంఘం పెద్దలు వానొచ్చేట్టుంది కానివ్వండి అన్నారు. పాడె లేచింది. ఒక్క శంఖం తప్ప ఆయన చావుకు ఏ చప్పుడూ లేదు. ఏటేటా దిద్దుకున్న పాటలో ఒక్క ముక్క కూడా ఎవరూ వినలేదు. పట్టమ్మాళ్ చీర దులుపుకుని లేచి, నా వంక ఒకలా చూసి, మనుషులను తీసుకుని వెళ్లిపోయింది.

హాలు కడిగారు. ఆడవాళ్లంతా తలకు పోసుకోవడానికి పెరట్లోకి వెళ్లారు. ఇంక వినేవాళ్లు లేరు, అందుకునేవాళ్లు లేరు, ఇప్పుడు ఏడుద్దామని తడి నేల మీద కూర్చున్నాను. రాలేదు. మరునాడూ రాలేదు. పెద్దదినం నాడూ రాలేదు. ఆయన కోసం నాకు నిజంగా వచ్చిన ఏడుపు అదొక్కటే. దాన్ని కూడా నన్ను ఏడవనివ్వలేదు ఆ మనిషి.